అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్: కిడ్నీ బలహీనపడితే ఏది మేలు?

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) కాస్త పెరగగానే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రను సొంతంగా మానేసేవారు ఎందరో. అది తప్పు. కిడ్నీ జబ్బున్నవారికి గుండెపోటు ముప్పు మామూలువారికన్నా ఎక్కువ, ఆ ముప్పును తగ్గించేది ఈ మాత్రే. తేల్చుకోవాల్సింది ఏ స్టాటిన్, ఎంత డోసు అన్నదే.

ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) 60 పైన ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోకుంటే ఏదైనా ఫరవాలేదు. అటోర్వా 20 మి.గ్రా., రోసువా 10 మి.గ్రా. చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు ఒకేలా తగ్గిస్తాయి.

ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి దిగితే మాత్రం అటోర్వాయే మేలు. అది ఎక్కువగా కాలేయం నుంచి పైత్యరసంలో కలిసి పోతుంది, మూత్రంలోకి వచ్చేది 2 శాతం లోపే. అందుకే కిడ్నీ మందగించినా డోసు మార్చనక్కర్లేదు. రోసువా అయితే ఈ దశలో రక్తంలో సుమారు 3 రెట్లు పేరుకుంటుంది. 5 మి.గ్రా.తో మొదలుపెట్టాలి, 10 దాటకూడదు. పైగా భారతీయుల రక్తంలో అది తెల్లవారికన్నా సుమారు 1.3 రెట్లు ఉంటుంది. 40 మి.గ్రా. డోసులో కొందరికి మూత్రంలో ప్రొటీన్, రక్తం కనిపిస్తాయి.

2022లో వెలువడిన అమెరికా పరిశీలనలో రోసువా వాడేవారికి మూత్రంలో రక్తం కనిపించే ముప్పు అటోర్వా వాడేవారికన్నా 8 శాతం, ప్రొటీన్ పోయే ముప్పు 17 శాతం ఎక్కువగా తేలాయి. గుండెకు లాభం రెండింటితోనూ ఒకటే. ఇది పాత రికార్డుల పరిశీలన, కారణాన్ని రుజువు చేయదు. కలవరపెట్టేది మరొకటుంది: ఈజీఎఫ్‌ఆర్ 30 లోపున్న రోసువా రోగుల్లో 44 శాతం మందికి హద్దు మించిన డోసే రాశారు.

ఇక ఫెనోఫైబ్రేట్, అంటే రక్తంలో ట్రైగ్లిజరైడ్ కొవ్వును తగ్గించే మందు. మన మందుల షాపుల్లో రోసువాతో కలిపిన మాత్రగానూ దొరుకుతుంది, కాబట్టి స్ట్రిప్ వెనక చదవండి. ఇది క్రియాటినిన్‌ను పెంచుతుంది, ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లో దిగుతుంది. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు అసలు వాడకూడదు.

కిడ్నీని స్టాటిన్ నేరుగా దెబ్బతీసేది చాలా అరుదు. కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీ గొట్టాలను మూసేసినప్పుడే ఆ ప్రమాదం. తొడలు, భుజాలు విపరీతంగా నొప్పెట్టి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించాలి. అటోర్వా వాడేవారికి క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ తోడైతే ఈ ముప్పు పెరుగుతుంది. దగ్గుకో, తామరకో మందు రాయించుకునేటప్పుడు స్టాటిన్ సంగతి డాక్టరుకు చెప్పండి.

డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ మొదలుపెడితే చెప్పుకోదగ్గ లాభం రాలేదు. అటోర్వాతో 2005లో, రోసువాతో 2009లో వచ్చిన ట్రయల్స్ రెండూ అదే చూపాయి. అప్పటికే వాడుతున్నవారు మాత్రం కొనసాగించవచ్చు.