రెండు రంగుల సఫైర్ కొనేవాళ్లకు హెచ్చరిక: కాగితం మీద ‘సహజం’ అన్నది రాయి గురించే, రంగు గురించి కాదు

రెండు రంగుల సఫైర్లు సేకరించే మిత్రులారా, కొనే ముందు దయచేసి ఇది చదవండి. నేను ఎంతో ముచ్చటపడి కొన్న రాయి సహజమైనదే. దాని రెండు రంగుల్లో ఒకటి మాత్రం కొలిమిలో పుట్టింది.

రెండు క్యారెట్లకు కాస్త పైబడిన కోలరాయి అది. మధ్యలో గులాబి రంగు, రెండు కొసల్లో నారింజ రంగు. ‘వేడి కూడా తగలని రాయి, భూమిలో దొరికింది దొరికినట్టే ఉంది’ అని అమ్మిన వ్యక్తి సందేశంలో రాసి పంపాడు. వెంట ఒక ల్యాబ్ రిపోర్టు కూడా ఇచ్చాడు. అందులో ‘సహజ కొరండం’ అని ఉంది; కొరండం అంటే సఫైర్ ఏ ఖనిజమో దాని పేరు. ఆ రెండు మాటలు చూడగానే నాకు ధైర్యం వచ్చేసింది. ట్రీట్‌మెంట్ (రాయిని వేడి చేయడం, రంగు ఎక్కించడం లాంటివి) గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క కూడా లేదన్న సంగతి అప్పుడు నా కంటికి ఆనలేదు.

కొన్నాళ్లకు రంగుల హద్దు ఎక్కడుందో సరిగ్గా చూద్దామని తెల్లటి గిన్నెలో నీళ్లు పోసి, రాయిని పట్టకారుతో బోర్లించి పెట్టాను. నీళ్లలో రాయికి సానపట్టిన ముఖాల తళతళలు తగ్గుతాయి కాబట్టి రంగు ఎక్కడ పరుచుకుందో తెలుస్తుంది. నారింజ రంగు కొసల్లోనే కాదు, చుట్టూ ఉంది! పండును అంటిపెట్టుకున్న తొక్కలా, సానపట్టిన ఆకారం ఎక్కడ వంగితే అక్కడే వంగుతూ రాయంతా చుట్టుకుని ఉంది. గులాబి రంగు లోపల గింజలా మిగిలింది. అప్పుడే నా గుండె జారిపోయింది.

ఎందుకంటే ప్రకృతి రంగు వేసే పద్ధతి అది కాదు. కొరండం స్ఫటికం ఆరు పలకలుగా పెరుగుతుంది. పెరిగే క్రమంలో ఇనుము, టైటానియం, క్రోమియం లాంటివి ఒక దశలో ఎక్కువగా, మరో దశలో తక్కువగా చేరుతాయి. అందుకే సహజమైన రంగు పట్టీలు తిన్నగా ఉంటాయి, కలిసే చోట 120 డిగ్రీల కోణం కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ నుంచి వచ్చే ‘పార్టీ’ సఫైర్లను, అంటే ఒకే రాయిలో పలు రంగులున్న వాటిని గమనించండి. నీలం, ఆకుపచ్చ, పసుపు పట్టీలు రాయి అంచును పట్టించుకోకుండా అడ్డంగా సాగిపోతాయి. పట్టీ ముందు పుట్టింది, సాన తర్వాత వచ్చింది. రంగే సాన ఆకారాన్ని తొడుక్కుని కనిపించిందంటే, అది రాయికి ఆకారం వచ్చాక ఎక్కిన రంగన్న మాట.

మరో ల్యాబ్‌కు పంపితే బెరీలియం డిఫ్యూజన్ అని తేలింది. బెరీలియం ఉన్న పదార్థంతో కలిపి రాయిని 1,800 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా కాలిస్తే, ఆ చిన్న పరమాణువులు పైనుంచి లోపలికి చొరబడి పసుపు, నారింజ రంగులు తెస్తాయి. ఈ రాళ్లు 2000ల మొదట్లో మార్కెట్లోకి వెల్లువెత్తినప్పుడు పెద్ద పెద్ద ల్యాబ్‌లే తికమకపడ్డాయి. ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కువసేపు కాలిస్తే బెరీలియం రాయి నడిమధ్య వరకూ వెళ్లిపోతుంది, అప్పుడు తొక్క లాంటి అంచే ఉండదు. కాబట్టి నీళ్ల గిన్నెలో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. లేజర్‌తో రాయి ఉపరితలాన్ని అణువంత గీరి, అందులోని మూలకాలను లెక్కించే పరీక్ష చేయగల ల్యాబే తేల్చి చెప్పాలి. రిపోర్టులో ట్రీట్‌మెంట్ గురించి స్పష్టంగా రాసి ఉండాలి. రిపోర్టు మీది కొలతలు, బరువు మీ చేతిలోని రాయితో సరిపోవాలి.

కాల్చడమే నేరమని నేను అనడం లేదు. మామూలుగా వేడి చేసిన సఫైర్లు ఎప్పటినుంచో అమ్ముడవుతున్నాయి. చెప్పి అమ్మితే పేచీ లేదు. బయటి నుంచి రంగు ఎక్కించి, దాన్ని అరుదైన సహజ రెండు రంగుల రాయిగా అంటగట్టడం మాత్రం పచ్చి మోసం.

వీడియోలను నమ్మి కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. సఫైర్‌ను ఒక వైపు నుంచి చూస్తే ఒక ఛాయ, మరో వైపు నుంచి చూస్తే మరో ఛాయ కనిపించడం దాని సహజ గుణం. రాయిని తిప్పుతూ తీసిన వీడియోలో దాన్నే రెండు రంగులుగా చూపిస్తున్నారు. రాయిని కదపకుండా, పగటి వెలుగులో, పైనుంచి తీసిన ఫొటో అడగండి. నిజమైన రెండు రంగుల రాయిలో రెండూ ఒకేసారి, పక్కపక్కనే కనిపించాలి.

నిలదీస్తే ఆ అమ్మకందారు ఇచ్చిన జవాబు: ‘సహజం అనే కదా రాశాను, రాయి సహజమైనదే.’ వేడి తగలలేదని తానే రాసిన మాట చూపిస్తే, వాపసు గడువు దాటిపోయిందన్నాడు. ఆ గడువు పది రోజులు. ల్యాబ్ నుంచి ఫలితం రావడానికే అంతకంటే ఎక్కువ పట్టింది. ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా ‘ల్యాబ్ ఫలితం వచ్చేదాకా వాపసు తీసుకుంటాను’ అని రాయించుకున్నాకే డబ్బు పంపుతున్నాను. ఈ మధ్య గులాబి–నారింజ రాయి కొన్నవాళ్లెవరైనా ఉంటే, ముందు మీ వాపసు గడువు ఇంకా ఎన్ని రోజులు ఉందో చూసుకోండి. రాయిని ఈ రోజే నీళ్లలో పెట్టి చూడండి.