పాత కామిక్స్‌కి మైలార్ కవర్లు కొనొచ్చా? కొనాల్సిందే

సూపర్‌హీరో సినిమా ప్రకటించగానే ఆ పాత్ర మొదట కనిపించిన ఇష్యూ ధర ఎగబాకుతుంది. సినిమా ఆడకపోతే అంతే వేగంగా పడిపోతుంది. ఆ బేరాల గొడవ నాకొద్దు. నా దగ్గరున్న 1970ల నాటి కామిక్స్‌ని ఇంకో తరం వాళ్లు కూడా తిరగేయాలని నా ఆశ. అందుకే మామూలు పాలీప్రొపిలీన్ (పల్చటి ప్లాస్టిక్) కవర్లు తీసేసి మైలార్‌కి, అంటే పారదర్శకమైన పాలిస్టర్ ఫిల్మ్ కవర్లకి మారాను.

తేడా చూడగానే తెలిసిపోతుంది. ముఖచిత్రం మీది రంగు చుక్కల అచ్చు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. 4 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం ఉన్న కవరు బిగుతుగా నిలబడుతుంది, పుస్తకం వంగనివ్వదు. 2 మిల్ కవరు కాస్త మెత్తన, దానికి వెనక అట్ట తప్పనిసరి. ఆ అట్ట యాసిడ్ లేనిదే అయ్యుండాలి. పాత న్యూస్‌ప్రింట్‌లో కలప నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం వల్ల కాగితం దానంతటదే పసుపెక్కుతుంది. ఎంత మంచి కవరైనా దాన్ని ఆపలేదు. ఎండ తగలకుండా చూసుకోవడం కూడా మన పనే.

ఒక్కటే ఇబ్బంది: కవరు అంచులు గట్టిగా ఉంటాయి. తొందరపడి దూరిస్తే పుస్తకం మూల మడత పడుతుంది. ముందు అట్టను పెట్టి, దాని మీదుగా పుస్తకాన్ని నెమ్మదిగా జార్చాలి. సైజు కూడా చూసుకోండి, పాత కామిక్స్ ఇప్పటివాటికంటే కాస్త వెడల్పు.

ధర మాత్రం ఎక్కువే. కొత్త ఇష్యూలకి ఇంత ఖర్చు అక్కర్లేదు, వాటికి పాలీప్రొపిలీన్ చాలు.