అట్రోపిన్ చుక్కలు కొంటున్నారా? పేరుతో పాటు శాతం కూడా చదవండి

పిల్లలకు మైనస్ పవర్ పెరగకుండా రాత్రిపూట అట్రోపిన్ చుక్కలు వేస్తున్న అమ్మానాన్నలు ముందు లేచి ఇంట్లో ఉన్న సీసా తీసి చూడండి. దాని మీద 0.01 శాతం అని ఉందా, ఉత్త 1 శాతం అని ఉందా? మా ఇంట్లో రెండు రాత్రులు 1 శాతం మందు పడింది. వేసింది నేనే.

మా పాపకు ఎనిమిదేళ్లు. ఏడాదిలో పవర్ మైనస్ ఒకటిన్నర నుంచి రెండున్నరకు పోయింది. డాక్టరుగారు 0.01 శాతం చుక్కలు రాశారు, పడుకునే ముందు కంటికొకటి. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. సీసా అయిపోయిన రోజు ఆసుపత్రి దాకా వెళ్లే తీరిక లేక మా వీధి చివరి మెడికల్ షాపులో చీటీ చూపించాను. కుర్రాడు లోపలికెళ్లి ఒక సీసా తెచ్చాడు. "కంపెనీ వేరే అమ్మా, మందు అదే" అన్నాడు. అట్రోపిన్ అన్న మాట నేనూ చదివాను. సంచిలో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున పాప కిటికీ పరదా వేసేయమని ఒకటే గొడవ. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని కసిరాను. ఆ రాత్రి మళ్లీ చుక్కలు వేశాను. తెల్లారేసరికి మొహం ఎర్రగా కందిపోయింది, ఒళ్లు కాలిపోతోంది, ఒక్క చెమట చుక్క లేదు. జ్వరం 101. నాలుక పిడచగట్టుకుపోయింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. లేని పిల్లిని పిలుస్తోంది. మా అమ్మ చూసి, "ఇదేంటే, ఉమ్మెత్తకాయ తిన్నదానిలా ఉంది" అంది. అమ్మ ఊరికే అన్న మాటే. ఉమ్మెత్తలో ఉండే విషాల్లో అట్రోపిన్ కూడా ఒకటని ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు కాళ్లు వణికాయి.

లెక్క చూడండి. 1 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. ఒక్క చుక్కలో దాదాపు అర మిల్లీగ్రాము. పురుగుల మందు తాగినవాళ్లకు ఆసుపత్రిలో పొడిచే అట్రోపిన్ ఇంజెక్షన్ చిన్న సీసాలో ఉండేది 0.6 మిల్లీగ్రామే. రాసిన మందుకు నూరు రెట్లు నా చేత్తో వేశాను. కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండిపోదు, కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది. అందుకే చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోమంటారు. ఆరు నెలల్లో నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

1 శాతం మందు నకిలీదీ కాదు, చెడ్డదీ కాదు. చిన్నపిల్లలకు పవర్ పరీక్షకు ముందు, కంటి లోపల వాపు వచ్చినప్పుడు, బద్ధకించిన కన్ను పనిచేయడానికి బాగున్న కంటిని మసక చేయాల్సి వచ్చినప్పుడు వాడతారు. దాని పనే కనుపాపను పెద్దది చేసి, దగ్గరవి చూసే కండరాన్ని సడలించడం. ఆ పట్టు వదలడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పాపకు జ్వరం ఒక రోజులో దిగింది కానీ కనుపాపలు మామూలు కావడానికి పది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఇంట్లో కూడా నల్లకళ్లద్దాలే, పాఠాలు నేనే చదివి వినిపించాను.

పరీక్షకని ఆసుపత్రిలో వేసే ట్రోపికమైడ్ వేరు, అది కొన్ని గంటల్లో పోతుంది. అయినా ఆ పూట బండి నడపకండి. దానితో ఫినైలెఫ్రిన్ కూడా కలిపి వేస్తుంటారు, అది బీపీ పెంచగలదు కాబట్టి బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఏ చుక్కలు వేశాకైనా కన్ను విపరీతంగా నొప్పిపెట్టి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులైతే ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగకూడదు. కన్నీళ్లు కాదు, కంటి లోపల ఉండే నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవాళ్లకు కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందేమో అది. పిల్లల సీసాను ఇంట్లో పెద్దవాళ్లకు వేయొద్దనేది ఇందుకే.

ఇప్పుడు పాత సీసా ఫోటో ఫోన్‌లో పెట్టుకున్నాను. కొత్తది చేతికి రాగానే రెండూ పక్కపక్కన పెట్టి సున్నాలు లెక్కపెడతాను. డాక్టరు 0.025 రాసినా, 0.05 రాసినా అదే అంకె సీసా మీద కనపడాలి. చీటీలో ఉన్న అంకె షాపులో లేకపోతే మందు లేకుండా ఇంటికొస్తాను. రెండ్రోజులు చుక్కలు మానితే కొంపలేం మునగవు.

షాపుకు వెళ్లి అడిగితే యజమాని, "పేరు ఒకటే కదమ్మా" అన్నాడు. బిల్లు మీద కూడా ఉత్త అట్రోపిన్ ఐ డ్రాప్స్ అనే ఉంది, శాతం లేదు. మీరు బిల్లు మీద శాతం రాయించుకోండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు రాసిచ్చాను, నా దగ్గరున్న సాక్ష్యం ఆ సీసా ఒక్కటే. యజమాని డబ్బులు తిరిగిస్తాను, సీసా ఇచ్చేయమన్నాడు. ఇవ్వలేదు.