ఏలికకు ఏలినాటి శని: డెమోక్రసీ 4, సూజరేన్, ట్రోపికో... ఏది మేలు?

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతని కంప్యూటర్ గేమ్‌గా తీస్తే ఎలా ఉంటుందో చూడాలంటే డెమోక్రసీ 4 ఆడాలి. దేశాన్ని మనమే ఏలాలి. నేను మొదటిసారి బ్రిటన్ని ఎంచుకున్నాను. గాలి బాగాలేదు, ఆస్తమా పెరుగుతోందని ఆట హెచ్చరిస్తోంది. పెట్రోల్ మీద పన్ను పెంచాను. వచ్చిన డబ్బు రైళ్లకు సబ్సిడీగా పెట్టాను. ఒకే దెబ్బకి రెండు పిట్టలని నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్లకు జనం నిజంగానే కార్లు తగ్గించి రైలెక్కారు. నేను కోరుకున్నదే జరిగింది. కానీ కార్లు తగ్గేసరికి పెట్రోల్ పన్ను రాబడి పడిపోయింది. రైళ్ల ఖర్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. లోటు పెరిగింది, అప్పు పెరిగింది, కార్లున్నవాళ్లకి నా పేరు చెబితేనే ఒళ్లు మండుతోంది. ఎన్నికల్లో డిపాజిట్ పోయినంత పనైంది. నా పథకం బెడిసికొట్టి ఓడిపోయుంటే ఇంత బాధపడేవాణ్ని కాదు. అది ఫలించడం వల్లే ఓడిపోయాను!

రాజకీయ సిమ్యులేషన్ గేమ్స్‌లో నాకు కావలసింది ఈ దెబ్బే. జరిగినప్పుడు నాకేం సంబంధం లేదనిపించాలి, వెనక్కి వెళ్లి చూసుకుంటే నేను చేసిందేనని తేలాలి. రెండో ముక్క లేకపోతే అది లాటరీ. మొదటిది లేకపోతే ఎక్సెల్ షీట్. ఈ కొలబద్దతోనే మూడు ఆటల్ని పక్కపక్కన పెడుతున్నాను. గ్రాఫిక్స్, సంగీతం లాంటివాటికి మార్కులు వేయడం లేదు.

డెమోక్రసీ సిరీస్‌ని పోజిటెక్ గేమ్స్ పేరుతో చేస్తున్నది క్లిఫ్ హ్యారిస్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్. నాలుగో భాగం 2020లో, ఇంకా పూర్తికాకముందే, ఎర్లీ యాక్సెస్‌లో వచ్చి, 2022 జనవరిలో పూర్తి రూపంలో విడుదలైంది. ఇందులో మ్యాపు లేదు, సైన్యాన్ని నడిపించడం లేదు. స్క్రీన్ నిండా బుడగల్లాంటి గుర్తులు. కొన్ని విధానాలు, కొన్ని గణాంకాలు, కొన్ని సమస్యలు, మధ్యలో ఓటర్ల వర్గాలు. దేని మీద మౌస్ పెడితే దానికి వచ్చే గీతలు, దాన్నుంచి పోయే గీతలు కనిపిస్తాయి. మంచి చేసేది పచ్చ, చెడు చేసేది ఎరుపు. ఒక టర్న్ అంటే మూడు నెలలు.

అన్నీ కళ్లముందే కనిపిస్తుంటే ఊహించని ఫలితాలేంటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కిటుకంతా ఆలస్యంలో ఉంది. ఈ రోజు పెంచిన పన్ను ఈ రోజే పని చేయదు. ప్రభావం మెల్లగా ఎక్కుతుంది, ఈలోగా మనం ఇంకో నాలుగు మీటలు తిప్పేసి ఉంటాం. అవన్నీ ఒకేసారి పండే రోజు ఒకటొస్తుంది, అదేమో సరిగ్గా ఎన్నికల ముందొస్తుంది. ఇంకో మెలిక నాకు మరీ నచ్చింది. ఒక సమస్య మొదలయ్యే స్థాయి వేరు, పోయే స్థాయి వేరు. నేరాలు ఒక స్థాయి దాటితే వీధి ముఠాలు పుడతాయి. మళ్లీ ఆ స్థాయికి దించితే సరిపోదు, ఇంకా కిందికి తేవాలి. రోగం రావడం సులువు, పోవడం కష్టమన్న సంగతిని లెక్కగా మార్చారన్నమాట.

అన్నిటికన్నా దొంగ దెబ్బ ఇంకోటి ఉంది. ఓటర్లు మరీ సంతోషంగా ఉంటే బద్ధకిస్తారు. ఎలాగూ గెలిచేది మనవాడే కదా అని పోలింగ్ రోజు ఇంట్లో పడుకుంటారు. మూడు పండగలకి ఊరెళ్లి నాలుగో పండగ ఎగ్గొట్టే కొడుకుల్లాగ. పైగా ఓటర్ల వర్గాలు స్థిరంగా ఉండవు. చదువు మీద, జీతాల మీద డబ్బు పోస్తూ పోతే జనం మారతారు, నిన్నటిదాకా మనల్ని మోసిన వర్గంలో తలకాయలు తగ్గిపోతాయి. పేదల పార్టీగా గెలిచి, పేదరికం తగ్గించి, ఓటు బ్యాంకు పోగొట్టుకున్న ఘనత నాకుంది.

మద్యం విషయం ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. ఈ ఆటలో మద్యం మీద పన్ను పెంచితే తాగుడు తగ్గుతుంది, తాగుడు తగ్గిన కొద్దీ పన్నూ తగ్గుతుంది. మన తరానికి ఇది ఆటలో నేర్చుకోవాల్సిన పాఠం కాదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎదురు తిరిగిన తర్వాత, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మధ్యలో ఖజానాకి పడిన చిల్లు, సరిహద్దులు దాటి దొంగతనంగా వచ్చిన సీసాలు పెద్దవాళ్లకి గుర్తే. ఆ రెండేళ్ల కథని డెమోక్రసీ ఎనిమిది టర్న్‌లలో చెప్పేయగలదు. కానీ దూబగుంటని మాత్రం చూపించలేదు. దానికి తెలిసినవి ఓటర్ల వర్గాలే, మనుషులు తెలియరు. నా ఫిర్యాదు కూడా ఇదే. ఒక ఇరవై గంటలు ఆడాక ఏ గీత ఎటు పోతుందో కంఠతా వచ్చేస్తుంది. దెబ్బలు తగలడం ఆగిపోతుంది, లెక్కలు మిగులుతాయి.

సూజరేన్ దీనికి పూర్తిగా తిరగేసిన ఆట. బెర్లిన్‌లోని టోర్పర్ గేమ్స్ వాళ్లు చేశారు, 2020 డిసెంబరులో వచ్చింది. సోర్డ్‌ల్యాండ్ అనే కల్పిత దేశం, 1954వ సంవత్సరం. మనం కొత్తగా గెలిచిన అధ్యక్షుడు ఆంటన్ రేన్. ఇరవై ఏళ్లు ఏలిన టార్క్విన్ సోల్ నీడ ఇంకా దేశం మీదుంది. ఆర్థిక వ్యవస్థ కుదేలై ఉంది. రాజ్యాంగం మార్చాలని సగం పార్టీ, ముట్టుకుంటే ఊరుకోమని మిగతా సగం. మీటలు లేవు, పచ్చ గీతలు లేవు. ఉన్నదంతా మాటలే. నాలుగు లక్షల పదాల టెక్స్ట్ అని వాళ్లే చెప్పుకుంటారు. మంత్రులు వస్తారు, అడుగుతారు, మనం ఏదో ఒకటి చెబుతాం.

ఆ ఏదో ఒకటి చెప్పడంలోనే నా కొంప మునిగింది. ఎవరొచ్చి అడిగినా వాళ్లకి నచ్చేటట్టు మాట్లాడటం నాకలవాటు. సంస్కరణలు కావాలన్నవాళ్లకి తప్పకుండా అన్నాను. పాత కాపులొచ్చి అంత తొందరెందుకంటే అవునవునన్నాను. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క మాట. ఆట ఒక్కసారి కూడా హెచ్చరించలేదు, ఏ బుడగా ఎర్రబడలేదు. రాజ్యాంగ సవరణ ఓటింగుకొచ్చిన రోజు తెలిసింది, నేను మాటిచ్చానని ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు. ఎవరెవరు ఓటేస్తారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిజంగానే టెన్షన్ పడ్డాను. పన్నెండు గంటల ఆటలో చేసుకున్న పాపమంతా ఒక్క సీన్‌లో వడ్డీతో వసూలు చేశారు.

ఇంకో దెబ్బ బడ్జెట్ దగ్గర. ఖజానాలో ఉన్నది కొంచెమే, అడిగేవాళ్లు చాలామంది. బడి, ఆసుపత్రి, సైన్యం. నేను బడికీ ఆసుపత్రికీ ఇచ్చి సైన్యాన్ని తర్వాత చూద్దామన్నాను. మంచివాడు చేసే పనే కదా! చివరి అధ్యాయాల్లో పక్క దేశం రమ్‌బర్గ్‌తో గొడవ ముదిరేదాకా ఆ మాట నాకు గుర్తు కూడా లేదు. అప్పుడు సైన్యం ఏ స్థితిలో ఉందో చదువుతుంటే, నా సంతకం నాకే ఎదురొచ్చినట్టయింది. ఇక్కడ బాంబులు పేలే వీడియోలు లేవు, మ్యాపు, దాని పక్కన నాలుగు పేరాలు, అంతే. డెమోక్రసీలో ఓడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. ఇందులో ఓడిపోయినప్పుడు ల్యాప్‌టాప్ మూసి బయటికెళ్లి టీ తాగొచ్చాను.

తేడా ఎక్కడుందంటే, డెమోక్రసీలో మనకి తెలిసీ మరిచిపోయినవి తిరిగొచ్చి కొడతాయి. సూజరేన్‌లో మనం ఇచ్చిన మాటలు తిరిగొస్తాయి. ఇందులో భార్య మోనికా ఉంది, పిల్లలున్నారు. మోనికా మహిళల హక్కుల గురించి అడిగినప్పుడు రాజకీయంగా లాభమా నష్టమా అని లెక్కేస్తాం, తర్వాత ఇంట్లో జరిగే సంభాషణలో ఆ లెక్క పనికిరాదు. పత్రికలు కూడా అంతే. నేను చేసిన ఒకే పనిని ఒక పత్రిక ధైర్యమంటుంది, ఇంకోటి ద్రోహమంటుంది. ఏది నిజమో ఆట చెప్పదు. నిజానికి ఏ అధ్యక్షుడికీ పచ్చ గీతలు కనిపించవు కదా, ఆ రకంగా ఇదే వాస్తవానికి దగ్గర.

లోపాలు లేవని కాదు. మొదటి గంట పేర్లతోనే తల తిరుగుతుంది: దేశాలు, కూటములు, పార్టీలు, ఇంటిపేర్లు. ఇంగ్లిష్ గబగబా చదవలేనివాళ్లకి నరకం. రెండోసారి ఆడితే ఏ మాట ఎక్కడ పేలుతుందో తెలిసిపోతుంది, ఆ పస ఉండదు. మా రూమ్మేట్ రెండోసారి ఆడుతూ ప్రతి నిర్ణయానికీ ఇంటర్నెట్‌లో గైడ్ చూసుకున్నాడు. "ఏరా, ఇదేమన్నా ఎంసెట్టా?" అంటే, "ఈసారి రాజ్యాంగం పాస్ చేయించాల్సిందే" అన్నాడు. చేయించాడు కూడా. మొహంలో ఆనందమైతే కనబడలేదు.

ట్రోపికో సంగతి వేరు. మొదటి భాగం 2001లో వచ్చింది, ఆరోది 2019లో. నేను ఎక్కువ ఆడింది 2011 నాటి నాలుగోది. కరీబియన్ దీవిలో మనం 'ఎల్ ప్రెసిడెంటే', అంటే నియంతకి ముద్దుపేరు. పొలాలు, గనులు, ఇళ్లు కట్టడమే పని, కాబట్టి సగం ఇది సిటీ బిల్డరే. కానీ దీవిలో ప్రతి మనిషికీ పేరుంది, కుటుంబం ఉంది, అభిప్రాయం ఉంది. క్లిక్ చేస్తే ఏమనుకుంటున్నాడో చదవొచ్చు. గొడవ చేస్తున్నవాణ్ని లోపలేయిస్తే వాడి పీడ పోతుందనుకుంటాం. వాడి పెళ్లాం, అన్నదమ్ములు మన మీద కక్ష పెంచుకుంటారు. అలా కక్ష పెరిగినవాళ్లే ఓ రోజు అడవిలోకి పోయి తిరుగుబాటుదార్లవుతారు. డెమోక్రసీలో 'అసంతృప్తి' అన్నది ఒక అంకె. ఇక్కడ నిన్న మన పొగాకు తోటలో పనిచేసిన మనిషి.

జీతాల దగ్గర పడిన దెబ్బ ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. గనుల్లో మనుషులు చాలట్లేదని అక్కడ జీతం పెంచాను. సరుకు మోసే బండివాళ్లు బళ్లు వదిలేసి గనికి పోయారు. ఖనిజం గుట్టలుగా తవ్వారు, రేవుకి మోసేవాడు లేడు. ఓడ వచ్చింది, ఖాళీగా వెళ్లిపోయింది. నాకు రెండు నిమిషాలదాకా ఎందుకో అర్థం కాలేదు. రోడ్ల మీద కెమెరా తిప్పి చూస్తే అంతా నిర్మానుష్యం! కొలబద్ద ప్రకారం ఇది నూటికి నూరు మార్కులు. కాకపోతే ట్రోపికో దేన్నీ మనసుకి పట్టించుకోనివ్వదు. ఎన్నికల్లో రిగ్గింగ్ చేయి, స్విస్ బ్యాంకులో దాచుకో, వెనకాల సల్సా పాట మోగుతూనే ఉంటుంది. దెబ్బ తగులుతుంది కానీ వాత తేలదు.

ఫోన్ తప్ప ఇంకేం లేనివాళ్ల కోసం రెయిన్స్ అని 2016లో వచ్చిన చిన్న ఆటుంది. కార్డుని కుడికో ఎడమకో జరపడమే. మతం, ప్రజలు, సైన్యం, ఖజానా అని నాలుగు కొలతలు. ఏదైనా సున్నా అయితే రాజు చస్తాడు. నిండిపోయినా చస్తాడు. సైన్యం మరీ బలపడితే వాళ్లే గద్దె లాక్కుంటారు. ఈ ఒక్క ఆలోచనకి చేతులెత్తి మొక్కాలి. బస్సులో పది నిమిషాలకి సరిపోతుంది, అంతకుమించి ఆశించొద్దు.

మరి ఏది మేలంటే, ఒక్కటే కొనగలిగితే నా ఓటు సూజరేన్‌కి. ఫోన్లో కూడా ఉంది, కానీ అంత టెక్స్ట్ పెద్ద తెర మీదే చదవండి. గైడ్లు చూడకండి, నచ్చని ఫలితం వస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోకండి. అలా దిద్దుకుంటూ ఆడేవాళ్లైతే డబ్బు దండగ, డెమోక్రసీ 4 తీసుకోండి. అక్కడ తప్పు చేసి, గీత పట్టుకుని వెనక్కి పోయి, ఎక్కడ తప్పామో చూసుకుని, మళ్లీ ఆడటంలోనే మజా ఉంది. నెలల తరబడి ఆడుకోవడానికి కూడా అదే గట్టిది. సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదువుతూ ఆర్థికశాస్త్రం తలకెక్కక తంటాలు పడేవాళ్లకి దాన్నే చూపిస్తాను, సిలబస్‌లో మార్కులు రాకపోయినా పన్నుకీ రాబడికీ మధ్య ఎన్ని మలుపులుంటాయో అర్థమవుతుంది. ఇంట్లో పిల్లలు పక్కన కూర్చుని చూసేదైతే ట్రోపికో.

నేను ప్రస్తుతం డెమోక్రసీలో జర్మనీని ఏలుతున్నాను. ఈసారి కార్లున్నవాళ్ల తోవకి పోలేదు. పెట్రోల్ జోలికెళ్లకుండా ఎలక్ట్రిక్ కార్లకి సబ్సిడీ ఇచ్చాను. గాలి శుభ్రపడింది, కార్లున్నవాళ్లు కూడా నాతోనే ఉన్నారు. పెట్రోల్ పన్ను గ్రాఫ్ మాత్రం మూడు టర్న్‌లుగా కిందికి జారుతోంది, ఎన్నికలకి ఇంకా ఏడాది ఉంది.