పాత పికప్ తుప్పుకు సోడానీళ్ల తొట్టి: చాలాకాలం వాడాక సమీక్ష

పాత పికప్‌ను ఇంటి దగ్గరే విప్పి బాగుచేయాలనుకునేవాళ్లు మొదటి బోల్టు మీద పానా పెట్టకముందే సిద్ధం చేసుకోవాల్సింది సోడానీళ్లలో కరెంటు పారించి తుప్పు వదిలించే తొట్టి. ఒక ప్లాస్టిక్ టబ్బు, బట్టల సోడా, నాలుగు ఇనుప ఊచలు, 12 వోల్టుల చార్జరు ఉంటే చాలు. గ్రైండరు, యాసిడ్, తుప్పును గట్టి పొరగా మార్చే కన్వర్టరు అన్నీ వాడాక చెబుతున్నాను: విప్పి చేత్తో ఎత్తగలిగే ఇనుప సామానుకు దీన్ని మించింది లేదు. క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ మాత్రం ఇది పనికిరాదు. కొన్ని భాగాలను ఇందులో అసలు వేయకూడదు.

విప్పడం మొదలైన రోజే తొట్టి కూడా నడవాలి. డోర్ కీళ్లు, బానెట్ కొక్కెం, టెయిల్‌గేట్ గొలుసులు, పెడల్ బ్రాకెట్లు, సీటు ఫ్రేము, వీల్ రిమ్ములు ఒక్కొక్కటే బయటికి వస్తుంటాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు సాయంత్రం తొట్టిలో వేలాడదీస్తే పొద్దుటికి సగం చాకిరీ దానంతటదే అయిపోతుంది. అన్నీ విప్పేశాక ఒకేసారి శుభ్రం చేద్దామని గుట్టపోస్తే ఏ బ్రాకెట్ ఎక్కడిదో మరిచిపోతాం, తుప్పూ ఇంకాస్త ముదురుతుంది.

60 లీటర్ల నీటికి సుమారు 225 గ్రాముల బట్టల సోడా సరిపోతుంది, అంటే నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా. వంటసోడాతో కరెంటు తక్కువగా పారుతుంది కాబట్టి పని నెమ్మదిస్తుంది. ఉప్పు మాత్రం వేయకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. సోడా ఎక్కువైతే తుప్పు త్వరగా వదులుతుందనుకోవడం పొరపాటు. కరెంటు పెరిగి చార్జరు వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు.

తుప్పు పట్టిన భాగం నెగటివ్‌కి, ఊచలు పాజిటివ్‌కి. తిరగేస్తే మంచి భాగమే కరిగిపోతుంది, అందుకే స్విచ్ వేసేముందు క్లిప్పుల రంగు ఇంకోసారి చూసుకోవాలి. ఊచలు మామూలు ఇనుమువే ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కరగదు కదా అని దాన్ని పెట్టేవాళ్లున్నారు. అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది, కాబట్టి దాని జోలికి పోవద్దు. జింకు పూత ఉన్న పైపులూ వద్దు. పాజిటివ్ క్లిప్పు నీళ్లలో మునిగితే తానే కరుగుతుంది కాబట్టి ఊచ పైకొస ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి.

కరెంటు ఊచకు ఎదురుగా ఉన్న ముఖం మీదే బాగా పనిచేస్తుంది. ఒక్క ఊచతో సరిపెడితే భాగానికి ఒకవైపు మెరుస్తుంది, వెనకవైపు ఎర్రగానే ఉంటుంది. నాలుగు మూలలా ఊచలు నిలబెట్టి, వాటన్నిటినీ ఒకే తీగతో కలిపి, మధ్యలో భాగాన్ని వేలాడదీయాలి. ఊచకూ భాగానికీ నడుమ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడం చాలు. రెండూ తగిలితే షార్టవుతుంది.

చాలామంది ఆగిపోయేది చార్జరు దగ్గర. ఇప్పటి ఆటోమేటిక్ చార్జర్లు అవతల బ్యాటరీ వోల్టేజి కనిపిస్తే తప్ప కరెంటు వదలవు. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు గానీ వోల్టేజి తిప్పుకునే పవర్ సప్లై గానీ కావాలి. ఈ సైజు తొట్టికి 4 నుంచి 6 ఆంపియర్లు చక్కగా సరిపోతాయి. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల చొప్పున 24 గంటలు నడిపినా తొట్టిలో ఖర్చయ్యేది సుమారు ఒకటిన్నర యూనిట్లే.

డోర్ కీలునే తీసుకోండి. ముందు గ్రీజు, మట్టి కడిగేయాలి, జిడ్డు ఉన్నచోట కరెంటు పనిచేయదు. వేలాడదీసే తీగ తగిలేచోట ఆకురాయితో గీకి తెల్లటి ఇనుము కనబడనివ్వాలి. తుప్పు మీదే క్లిప్పు పెట్టి, బుడగలు రావట్లేదని గంటలకొద్దీ ఎదురుచూసి లాభం లేదు. కనెక్షన్ సరిగా ఉంటే నిమిషంలోపే కీలు చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. కొన్ని గంటలకు నీళ్లు ఎర్రమట్టి నీళ్లలా మారి, పైన నురగ కడుతుంది. రాత్రంతా ఉంచి తీస్తే తుప్పున్నచోట నల్లటి మెత్తటి పొర ఉంటుంది. నీళ్లలో ముంచుతూ బ్రష్షుతో రుద్దితే ఊడిపోతుంది. పాత పెయింటు కూడా పొరలుగా లేచి వస్తుంది. కదలకుండా బిగుసుకున్న కీలు కూడా తరచుగా వదులవుతుంది, కానీ పిన్ను రంధ్రం లోపలికి కరెంటు సరిగా చేరదు. అక్కడ సన్నటి గుండ్రటి బ్రష్షే గతి.

ఊచల మీద మందంగా తుప్పు పేరుకుంటే కరెంటు పడిపోతుంది. అప్పుడు స్విచ్ ఆపి గీకి మళ్లీ పెట్టాలి. నీటిమట్టం తగ్గితే మామూలు నీళ్లు పోస్తే చాలు, సోడా ఖర్చు కాదు.

బుడగల్లో ఉండేది హైడ్రోజన్, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. తొట్టి ఆరుబయటో గాలి బాగా ఆడేచోటో ఉండాలి. క్లిప్పులు తీసేముందు ప్లగ్ పీకాలి.

గట్టిపరిచిన ఉక్కులోకి ఈ హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. కమాన్ పట్టీలు, కాయిల్ స్ప్రింగులు, టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), తలమీద 10.9, 12.9 అని ముద్ర ఉన్న అధిక బలపు బోల్టులు, స్టీరింగు భాగాలు ఈ తొట్టిలో వేయకండి. పైకి తళతళలాడుతూనే తర్వాత బరువు పడ్డప్పుడు విరగొచ్చు. బానెట్ కొక్కేనికి ఉన్న స్ప్రింగును విడదీశాకే మిగతాది వేయాలి. అల్యూమినియం సోడాలో తినుకుపోతుంది కాబట్టి కార్బురేటరు, గేర్‌బాక్స్ మూతలు దూరంగా ఉంచండి. పోత ఇనుము బ్రేక్ డ్రమ్ములు నిక్షేపంగా వేయొచ్చు. కాకపోతే లోపలి పాత బ్రేక్ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచేయండి.

నా లెక్కలో ఈ పద్ధతికున్న అసలు లోపం తొట్టి బయట మొదలవుతుంది. తీసిన భాగం గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పసుపురంగుకు తిరుగుతుంది. వేడినీళ్లతో చేతికి జారుడు తగలనంత వరకు కడగాలి. సోడా మిగిలితే ప్రైమరు పట్టదు, నెలల తర్వాత పొక్కులు లేస్తాయి. వెంటనే గాలి కొట్టి, హీట్ గన్‌తో గోరువెచ్చగా అయ్యేదాకా ఆరబెట్టి, ఆరోజే ఎపాక్సీ ప్రైమరు వేయాలి. రెండు రేకులు అతికిన చోట నీరు దాక్కుంటుంది, అక్కడ ఇంకాసేపు వేడి పెట్టండి. ప్రైమరు వేసే తీరిక లేని రోజున భాగాన్ని తొట్టిలోంచి తీయకపోవడమే మేలు.

క్యాబిన్ మూలలు, డోర్ కింది గడపలు, నేల రేకు, ఛాసిస్‌లో కమాన్ బ్రాకెట్ల వెనకభాగం తొట్టిలో పట్టేవి కావు. వాటికి ముందు చిన్న సుత్తితో తట్టి చూడటమే పరీక్ష. మంచి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. గ్రైండరుకు బిగించే వైర్ కప్పు బ్రష్షు గుంటల్లోని తుప్పును తీయకుండా పాలిష్ చేసి నల్లగా మెరిపిస్తుంది, కళ్లు మోసపోతాయి. నైలాన్ స్ట్రిప్ డిస్కుతో పెయింటు తీసి, గుంటల్లో మిగిలిన పలచటి తుప్పుకు మాత్రమే ఫాస్ఫారిక్ యాసిడ్ కన్వర్టరు పూయడం మంచిది. రేకులుగా ఊడే తుప్పు మీద అది పైపూతే అవుతుంది. గడపలు కోయాల్సి వస్తే ముందు డోర్ ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డు చేయాలి, లేకపోతే క్యాబిన్ కుంగి తర్వాత తలుపులు పడవు. ఆ చోటును క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచి వెల్డింగు పెట్టకండి, ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది.

వాడేసిన తొట్టి నీళ్లలో ఎక్కువగా ఉండేది ఇనుప తుప్పూ సోడానే. పాత బండ్ల పెయింటులో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి, పెయింటు ఊడిన నీళ్లను చెట్లకూ కాలువకూ పోయవద్దు. అడుగున బురద తేరనిచ్చి, బురదతో పాటు పైన తేరిన నీళ్లనూ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోటే అప్పగించాలి.