కన్వీనర్ సీటా, లోనుతో మేనేజ్‌మెంట్ సీటా: ఏది మేలు?

ఈఏపీసెట్ ర్యాంకు కాస్త వెనకబడితే నెల్లూరు, ఒంగోలు ఇళ్లల్లో ఇదే తర్జనభర్జన: కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో) వచ్చిన సివిల్‌లో చేర్చడమా, అప్పు తెచ్చి మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీ నేరుగా ఇచ్చే సీట్లలో) కంప్యూటర్ సైన్స్ తీసుకోవడమా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న ఇల్లయితే కన్వీనర్ సీటు వదులుకోవద్దు.

అర్హత ముందు చూసుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25, రెండూ ఉంటే కలిపి 25 ఎకరాల లోపు. అంటే 12 ఎకరాలున్న కోవూరు వరి రైతుకు రాదు, అంతే మెట్ట ఉన్న కొండపి పొగాకు రైతుకు వస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ సీట్లకు, కౌన్సెలింగ్‌లో మిగిలితే కాలేజీలు నింపుకునే స్పాట్ సీట్లకు రూపాయి కూడా రాదు.

ఇక లోను. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. చదువు, ఆ తర్వాతి ఏడాది వాయిదాలుండవు గానీ వడ్డీ పడుతూనే ఉంటుంది: మొదటి లక్షకు 50 వేలు, తర్వాతి వాటికి 40, 30, 20 వేలు. నాలుగు లక్షల అప్పు కట్టడం మొదలుపెట్టేనాటికి 5.4 లక్షలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 9 వేలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల జీతంలో అది చిన్న కోత కాదు.

కన్వీనర్ సీటుకూ ఓ ఇబ్బంది ఉంది. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే కాలేజీలు హాల్‌టికెట్ దగ్గర, సర్టిఫికెట్ల దగ్గర పేచీ పెడతాయి. ఇది పిల్లలకు అన్యాయమే. ఒక విడత ఫీజు చేతిలో ఉంచుకోవడం తప్ప ఇంటివాళ్లకు వేరే దారి లేదు. కొన్నిసార్లు చిక్కు మన కాగితాల్లోనే ఉంటుంది: ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉండటం, సచివాలయంలో ఈకేవైసీ పూర్తికాకపోవడం, స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ పోర్టల్ జ్ఞానభూమిలో కాలేజీ పేరు ఎక్కించకపోవడం. చేరిన నెలలోనే ఈ మూడూ సరిచూసుకోవాలి.

లోను మేలయ్యే సందర్భం ఒకటుంది. ఎన్‌ఐటీ లాంటి చోట మెరిట్ మీద సీటొస్తే కేంద్రం విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి చూడండి. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుపై, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ కేంద్రం భరిస్తుంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదు.

ఏ చదువు లోనుకైనా సాధారణంగా తండ్రో తల్లో సహ దరఖాస్తుదారు కావాలి. వాళ్ల పేరిట పంటరుణం గడువు దాటి ఉంటే సిబిల్ (అప్పులు తీర్చిన తీరుకు ఇచ్చే స్కోరు) దెబ్బతిని ఫైలు అక్కడే ఆగిపోవచ్చు. కౌన్సెలింగ్‌కు ముందే పంటరుణం రెన్యువల్ చేయించండి. 4 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఆస్తి తనఖా అడగకూడదు. అడిగితే ఎందుకో రాసిమ్మనండి.