ఆస్ట్రేలియా తుపాకీ చట్టం, అమెరికా తుపాకీ హక్కు

1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో ఉన్న పోర్ట్ ఆర్థర్‌లో ఒకే వ్యక్తి 35 మందిని కాల్చి చంపాడు. 12 రోజులకే ప్రధాని జాన్ హోవర్డ్ రాష్ట్రాలను ఒప్పించి జాతీయ ఆయుధ ఒప్పందం కుదిర్చారు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలి, తర్వాతిది దానంతటదే సిద్ధమయ్యేవి) చాలావరకు నిషేధించి, పరిహారం చెల్లించి, సుమారు 6,50,000 తుపాకులను ప్రజల నుంచి తీసుకుని ధ్వంసం చేశారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది: లైసెన్సు కోరేవారు వేట, వ్యవసాయం, క్రీడ వంటి సరైన కారణం చూపాలి, ఆత్మరక్షణను కారణంగా అంగీకరించరు. తుపాకీని తాళం వేసి భద్రపరచడమూ యజమాని బాధ్యతే.

అమెరికాలో 1791 నాటి రాజ్యాంగ రెండవ సవరణ ఆయుధాన్ని హక్కుగా గుర్తించింది గనుక, కారణం చూపవలసిన భారం పౌరుడిది కాదు, ప్రభుత్వానిది. 2012లో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది బలైనా, తుపాకీ కొనుగోలుదారుల నేర చరిత్ర వంటివి చూసే నేపథ్య పరిశీలనను విస్తరించే ప్రతిపాదన మరుసటి ఏడాది సెనేట్‌లో అవసరమైన 60 ఓట్లు రాక వీగిపోయింది. టెక్సాస్‌లోని యువాల్డీ పాఠశాల కాల్పుల తర్వాత 2022లో వచ్చిన చట్టం 21 ఏళ్ల లోపు కొనుగోలుదారుల పరిశీలనను కట్టుదిట్టం చేసింది గాని, రైఫిళ్ల నిషేధం జోలికి పోలేదు. ఆ మరుసటి ఏడాది టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో మరణించిన ఎనిమిది మందిలో మన తెలుగు యువతి ఒకరు.

బాధ్యత మాట అక్కడ కోర్టుల్లో వినిపిస్తోంది. మిషిగన్‌లో 2021 నాటి పాఠశాల కాల్పులకు సంబంధించి, తుపాకీని భద్రపరచని తల్లిదండ్రులను 2024లో జ్యూరీలు దోషులుగా తేల్చాయి. ఆస్ట్రేలియా లైసెన్సు ఇచ్చే ముందే అడిగే తాళం ప్రశ్నను అక్కడ నలుగురు విద్యార్థులు చనిపోయాక అడిగారు.